డేటాబేస్ మారినా అర్థము చెడని ప్రోగ్రాము

మన కళాశాల వరండాలో ఒక చెవికి ఉర్దూ, ఒక చెవికి తెలుగు వినిపించడము కొత్త సంగతి కాదు. హైదరాబాదు వాడుకలో ‘పర్సోం’ అన్న మాట విన్న ఉత్తరాది అతిథి మొదటిసారి పొరపడక తప్పదు. పుస్తకాల ఉర్దూలో ఆ మాటకు మొన్న అనో, ఎల్లుండి అనో అర్థము. దక్కనీ వాడుకలో అది నెల క్రిందటి రోజైనా కావచ్చును, ఇంకా ముందుదైనా కావచ్చును. తెలుగులో మనము మాత్రము ‘నిన్న మొన్నటి సంగతి’ అని ఏడాది క్రిందటి విషయము చెప్పుకొనడము లేదా? తెలియని మాట వినపడితే మనిషి ఆగి అడుగుతాడు. తెలిసిన మాటే వేరొక అర్థముతో వినపడితే అడగడు. తాను గ్రహించినదే సరియనుకొని సాగిపోతాడు. డేటాబేస్‌ల విషయములో మేము పడిన ప్రయాసలో ఎక్కువ భాగము ఈ రెండవ తరగతికి చెందినదే.

మా కంప్యూటర్ శాఖ వారము, చివరి సంవత్సరపు విద్యార్థుల తోడ్పాటుతో, ప్రవేశాలు, మార్కులు, ఉపకార వేతనాల దరఖాస్తులు చూచుకొనడానికి ఒక ప్రోగ్రాము వ్రాసి నడుపుతున్నాము. దానిని మొదట ఒక వాణిజ్య డేటాబేస్ మీద ఆధారపడి వ్రాసినాము. లైసెన్సు పునరుద్ధరణ పత్రము వచ్చినప్పుడు, అందులోని మొత్తము చూచి కమిటీ పెద్దలు న్యాయమైన ప్రశ్నయే వేసినారు: ‘అన్నింటిలోను ఉన్నది ఎస్.క్యు.ఎల్. భాషయే అంటారు గదా, తక్కువ ఖర్చుతో వచ్చే మరొక దానికి మార్చితే ఏమి?’ ఆ రోజు మేము ‘వేసవి సెలవులలో పూర్తి చేస్తాము’ అని ధైర్యముగా జవాబిచ్చినాము. ఆ వేసవి గడచినది, మరొకటి కూడ గడచినది. ఎందువల్ల ఆలస్యమైనదో చెప్పవలసిన బాధ్యత మా మీద ఉన్నది. అంతకంటె ముఖ్యముగా, రేపు ఉద్యోగాలలో ఇదే పని చేయబోయే విద్యార్థులకు ఈ దారిలోని గుంతలు చూపవలెనని మా కోరిక.

ముందుగా ఇన్ని డేటాబేస్‌లు ఎట్లు పుట్టినవో కొంచెము తెలిసికొనవలెను. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ ఒక వ్యాసము ప్రకటించినాడు. అంతవరకు ఒక సమాచారము కావలెనంటే అది డిస్కు మీద ఏ దారిన పోతే దొరుకుతుందో ప్రోగ్రాము వ్రాసేవాడే ఎరిగి ఉండవలసి వచ్చేది. సమాచారమంతటిని పట్టికలుగా అమర్చితే, ఏది కావలెనో చెప్పడము మాత్రమే మనిషి పనియని, ఎట్లు తేవలెనో యంత్రము చూచుకొంటుందని కాడ్ ప్రతిపాదించినాడు. ఆ ఊహకు తగిన భాషను అదే సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ అనేవారు 1974లో రూపొందించినారు. మొదట దాని పేరు సీక్వెల్, తరువాత ఎస్.క్యు.ఎల్. అయినది. అదే కాలములో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయములో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అనేవారు ఇంగ్రెస్ అన్న మరొక వ్యవస్థను నిర్మించినారు; దానికి వేరే భాష ఉండేది.

ఇల్లు కట్టినవారికంటె ముందు పొరుగువారు గృహప్రవేశము చేసినట్లు, ఐ.బి.ఎం. ఊహను మొదట అంగడికి తెచ్చినది మరొక చిన్న సంస్థ. 1979లో అది అమ్మిన డేటాబేస్ పేరు ఒరాకిల్. రెండవ వెర్షన్ అన్న పేరుతోనే అది బయటికి వచ్చినది. మొదటి వెర్షన్ అమ్మకానికి రానేలేదు. ఐ.బి.ఎం. వారి డి.బి.2 1983లో వచ్చినది. సైబేస్ వారి ఎస్.క్యు.ఎల్. సర్వర్ 1987లో వెలువడి, మైక్రోసాఫ్ట్‌తో కలిసి 1989లో చిన్న యంత్రాలకు దిగినది. తరువాత ఆ రెండు సంస్థలు విడిపోయి ఎవరి దారిన వారు దానిని పెంచుకొన్నారు. బర్క్‌లీలోనే 1986లో మొదలైన పోస్ట్‌గ్రెస్ పరిశోధన 1996లో పోస్ట్‌గ్రెస్-ఎస్.క్యు.ఎల్. అన్న పేరు పొందినది. 1995లో మై-ఎస్.క్యు.ఎల్. పుట్టినది. ఈ చివరి రెండింటిని రుసుము లేకుండ వాడుకొనవచ్చును.

ఇక భాషకు నియమము ఎప్పుడు ఏర్పడినది? అమెరికా జాతీయ ప్రమాణముగా 1986లో, అంతర్జాతీయ ప్రమాణముగా 1987లో. అనగా మొదటి సరుకు అమ్ముడైన ఏడేండ్ల తరువాత వ్యాకరణము వచ్చినదన్నమాట. అప్పటికే ఎవరి వాడుక వారికి స్థిరపడిపోయినది, కొన్నవారు వేలకొలది ప్రోగ్రాములు వ్రాసుకొన్నారు. అందువలన ప్రమాణము పలుచోట్ల ‘దీనిని నిర్మించేవారు తమ ఇష్టము వచ్చినట్లు నిర్ణయించుకొనవచ్చును’ అని విడిచిపెట్టవలసి వచ్చినది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ కొంతకాలము ప్రతి డేటాబేస్‌ను పరీక్షించి యోగ్యతా పత్రము ఇచ్చేది. 1990ల మధ్యలో ఆ పరీక్షలు ఆగిపోయినవి. నేడు ఏ సంస్థ అయినను ‘మేము ప్రమాణము పాటిస్తున్నాము’ అంటే, ఆ మాటకు వారే సాక్షులు.

వీటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు వెదకడము కూడ సులభము కాదు. 1983లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ డెవిట్ ప్రభృతులు కొన్ని డేటాబేస్‌ల వేగాన్ని కొలిచి ఫలితాలు ప్రకటించినారు. అందులో ఒరాకిల్‌కు మంచి మార్కులు రాలేదు. తరువాతి కాలములో, తమ అనుమతి లేనిదే ఎవరును వేగ పరీక్షల ఫలితాలు ప్రకటించరాదని లైసెన్సు పత్రాలలో ఒక షరతు చేరినది. నేటికిని దానిని డెవిట్ నిబంధన అనే వ్యవహరిస్తారు. పలు సంస్థల పత్రాలలో అది కనిపిస్తుంది. సంస్థలన్నీ కలిసి 1988లో ఏర్పరచుకొన్న టి.పి.సి. అన్న మండలి ఫలితాలు ప్రకటిస్తుంది కాని, ఆ పరీక్షలకు వాడే యంత్రాలు మన కళాశాల భవనము ఖరీదు చేస్తాయేమో! నాలుగు కౌంటర్లు, కొన్ని వేల విద్యార్థులు ఉన్న చోట వీటన్నింటి వేగము చాలును. కావున కమిటీ పెద్దలు వేగాన్ని గురించి వచ్చే రంగుల కరపత్రాలు పక్కన పెట్టవచ్చునని మా అభిప్రాయము. చూడవలసినది వేరొకటి: ఒకసారి ఇందులోకి దిగితే మరల బయటికి రావడానికి ఎంత ఖర్చు?

ఆ ఖర్చు ఎక్కడ దాగి ఉంటుందో మాకు జరిగిన పరాభవముతో చెప్పుతాము. ప్రోగ్రామును కొత్త డేటాబేస్ మీద మొదటిసారి నడిపి, ప్రతిభా ఉపకార వేతనానికి మార్కుల క్రమములో జాబితా అచ్చువేసి నోటీసు బోర్డు మీద పెట్టినాము. అరగంటలో విద్యార్థులే వచ్చి మమ్ములను చేయిపట్టుకొని తీసికొని పోయినారు. జాబితాలో మొదటి అయిదు స్థానాలు పరీక్షకు హాజరు కాని అయిదుగురివి! ప్రోగ్రాములో ఒక్క అక్షరము మార్చలేదు. ‘మార్కుల అవరోహణ క్రమములో పేర్చుము’ అన్న వాక్యము రెండు చోట్లను అదే. తేడా ఎక్కడ? హాజరు కానివారి మార్కుల గడిలో సున్న ఉండదు, ఏమియు ఉండదు. ఈ ‘ఏమియు లేదు’ అన్నదానిని ఎస్.క్యు.ఎల్.లో నల్ అంటారు. క్రమములో పేర్చేటప్పుడు నల్‌ను అన్నింటికంటె పెద్దదిగా ఎంచవలెనా, చిన్నదిగా ఎంచవలెనా అన్నది ప్రమాణము నిర్మించేవారి ఇష్టానికి విడిచిన వాటిలో ఒకటి. ఒరాకిల్, డి.బి.2, పోస్ట్‌గ్రెస్ దానిని పెద్దదిగా ఎంచుతాయి. మైక్రోసాఫ్ట్ ఎస్.క్యు.ఎల్. సర్వర్, మై-ఎస్.క్యు.ఎల్. చిన్నదిగా ఎంచుతాయి. ఎవరిదియు తప్పు కాదు. తప్పు మాది; హాజరు కానివారు ఎక్కడ ఉండవలెనో మేము చెప్పలేదు, యంత్రము మౌనముగా తన అలవాటు ప్రకారము నడచినది. ‘నల్స్ లాస్ట్’ అన్న మాట 2003 నాటి ప్రమాణములో చేరినది కాని అన్ని డేటాబేస్‌లు దానిని ఆమోదించవు. మేము ఇప్పుడు ‘మార్కులు నల్ అయితే 1, కానిచో 0’ అన్న లెక్కను మొదటి క్రమముగాను, మార్కులను రెండవ క్రమముగాను వ్రాస్తున్నాము. ఇది ఎక్కడైనను ఒకే ఫలితమిస్తుంది.

‘మొదటి పదిమంది’ అన్న చిన్న కోరికకు కూడ ఇదే గతి. మైక్రోసాఫ్ట్‌లో దానికి ‘టాప్’ అనవలెను, మై-ఎస్.క్యు.ఎల్., పోస్ట్‌గ్రెస్‌లలో ‘లిమిట్’. ఇవి తెలియని మాటలు కావున చోటు మారగానే ప్రోగ్రాము ఆగి గగ్గోలు పెడుతుంది, మనము దిద్దుకొంటాము. ఒరాకిల్‌లో చిరకాలము ‘రోనమ్’ అన్న పద్ధతి వాడినారు. దానిని అవగాహన లేక వాడితే, అది ముందు చేతికందిన పదిమందిని ఏరి, తరువాత ఆ పదిమందినే మార్కుల క్రమములో పేర్చి ఇస్తుంది. జాబితా చూడముచ్చటగా ఉంటుంది. పదిమంది ఉంటారు, మార్కులు దిగుతూ ఉంటాయి. నిజమైన మొదటి ర్యాంకు మాత్రము అందులో ఉండకపోవచ్చును. 2008 ప్రమాణములో ‘ఫెచ్ ఫస్ట్’ అన్న రూపము ఏర్పడినది. ఒరాకిల్ 2013లో దానిని స్వీకరించినది, మైక్రోసాఫ్ట్ 2012లోనే కొంచెము మార్పుతో తీసుకొన్నది, పోస్ట్‌గ్రెస్, డి.బి.2లలోను ఉన్నది. మై-ఎస్.క్యు.ఎల్.కు మాత్రము ‘లిమిట్’ తప్పదు.

పేర్ల విషయము మన కళాశాలకు మరింత దగ్గరిది. మన దరఖాస్తు ఫారములో ఇంటిపేరుకు ఒక గడి ఉన్నది. తెలుగు ఇండ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. మన ముస్లిం విద్యార్థులలో చాలామందికి అసలు ఇంటిపేరు అన్నదే లేదు. అట్లయితే ఆ గడిలో ఏమి పెట్టవలెను? ‘లేదు’ అని తెలిసినచోట ఖాళీ మాట పెట్టి, ‘ఇంకా చెప్పలేదు’ అన్నచోట నల్ పెట్టడము తర్కానికి సరిపోయిన పద్ధతి. కాని ఒరాకిల్‌లో ఖాళీ మాటకును నల్‌కును భేదము లేదు, రెండును ఒకటే. ఈ భేదము మీద ఆధారపడిన ప్రోగ్రాము అక్కడికి పోతే, ఇంటిపేరు లేని పిల్లవాడు శాశ్వతముగా వివరాలు ఇవ్వనివాడుగా మిగిలిపోతాడు.

దీనికి ఎదురు దిక్కున పోయినా గుంత ఉన్నది. ఇంటిపేరును, పేరును కలిపి పూర్తి పేరు చేయడానికి ఒరాకిల్‌లో || అన్న గుర్తు వాడుతారు. ఇంటిపేరు నల్ అయినా అక్కడ పేరు మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అదే గుర్తు అదే స్థలములో ఉంటుంది, కాని నల్‌తో దేనిని కలిపినా ఫలితము నల్. అనగా పేరు మొత్తమే మాయమవుతుంది. ఒకే గుర్తు, ఒకే పట్టిక. ఒకచోట పేరున్న టి.సి., ఇంకొకచోట పేరు లేని టి.సి. ఇక మై-ఎస్.క్యు.ఎల్.లో, ప్రత్యేకముగా మార్చి చెప్పకపోతే, || అంటే ‘లేదా’ అని అర్థము. పేరు అడిగితే అది ఒక అంకె ఇస్తుంది! ‘కోఅలెస్’ అన్న ఫంక్షన్‌తో నల్‌ను ఖాళీ మాటగా మార్చి, కలపడమనే పనిని డేటాబేస్‌కు కాక ప్రోగ్రాముకే అప్పగించడము మాకు క్షేమముగా తోచినది.

అక్షరాల కొలత మరొక చిక్కు. ‘అబ్దుల్ కరీం’ అన్న పేరును మాదిరికి తీసుకొందాము. ఇంగ్లీషు లిపిలో అది నడిమి ఖాళీతో కలిపి 11 బైట్లు. ఉర్దూ లిపిలో కలిపి వ్రాసిన 9 అక్షరాలు. యూనికోడ్‌ను నిలువచేసే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కటి 2 బైట్లు, మొత్తము 18. తెలుగులో ఒత్తులు, గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకు వస్తాయి. ఒక్కొక్కదానికి 3 బైట్లు. ఖాళీతో కలిపి మొత్తము 34. ఇప్పుడు పేరు గడిని ‘20’ అని నిర్ణయించినారనుకొనండి. ఆ 20 బైట్లా, అక్షరాలా? ఒరాకిల్‌లో ప్రత్యేకముగా చెప్పకపోతే సాధారణముగా బైట్లు, పోస్ట్‌గ్రెస్, మై-ఎస్.క్యు.ఎల్.లలో అక్షరాలు. మైక్రోసాఫ్ట్‌లో ‘వార్‌చార్’ అన్న రకము వేరు, ‘ఎన్‌వార్‌చార్’ వేరు. వాక్యములో పేరుకు ముందు ‘ఎన్’ అన్న అక్షరము మరచితే సాధారణపు అమరికలో తెలుగు, ఉర్దూ అక్షరాల స్థానములో ప్రశ్నార్థకాలు నిలుస్తాయి. 20 బైట్ల గడిలో ఇంగ్లీషు అబ్దుల్ కరీంకు, ఉర్దూ అబ్దుల్ కరీంకు చోటున్నది. తెలుగు అబ్దుల్ కరీంకు లేదు. కొన్ని డేటాబేస్‌లు పట్టదని నిరాకరిస్తాయి. అది మేలు. మై-ఎస్.క్యు.ఎల్. పూర్వపు వెర్షన్లు తమ సహజపు అమరికలో మిగిలిన భాగము కోసివేసి, ఒక హెచ్చరిక మాత్రము చేసి, పని అయినదనేవి. 2015లో వచ్చిన వెర్షన్ నుండి నిరాకరించడమే అలవాటుగా మారినది.

ఇట్లు కోసిన పేరు ఏమి చేస్తుందో మేము చూచినాము. రుసుముల లెక్క కొరకు బయటి సంస్థ ఒకటి మాకు అమ్మిన ప్రోగ్రాములో పేరు గడి చిన్నది. మా విద్యార్థిని ఒకరి పేరు చివరి భాగము అందులో తెగిపోయి, బ్యాంకు ఖాతాలోని పేరుతో సరిపోలక, ఉపకార వేతనము నాలుగు నెలలు ఆగినది. ఆ నాలుగు నెలల బస్ పాసు డబ్బు ఆమె తండ్రి అప్పు తెచ్చి కట్టినాడని మాకు తరువాత తెలిసినది.

ఉర్దూ చదివే మిత్రులకు ఒక చిన్న మాట. ‘యే’ అక్షరానికి యూనికోడ్‌లో అరబ్బీ రూపము వేరు, ఫార్సీ-ఉర్దూ రూపము వేరు. ‘కాఫ్’కు కూడ అంతే. పదము నడుమ కంటికి రెండును ఒకటిగానే కనిపిస్తాయి. డేటాబేస్‌కు మాత్రము వేరు. వెదికితే పేరు దొరకదు. పేర్లు లోపలికి తీసుకొనేటప్పుడే ఒక రూపానికి మార్చుకొనడము తప్ప దీనికి వేరు మందు లేదు. వెదకడములో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఒకటిగా ఎంచడము మైక్రోసాఫ్ట్, మై-ఎస్.క్యు.ఎల్.ల సహజ లక్షణము. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ వేరుగా ఎంచుతాయి. మై-ఎస్.క్యు.ఎల్.లో పట్టికల పేర్లకు కూడ ఈ పట్టింపు ఉన్నది, అదియు యంత్రాన్నిబట్టి: లాబొరేటరీలోని విండోస్ మీద పట్టింపు లేదు, లినక్స్ సర్వర్ మీద ఉన్నది. విద్యార్థులు రాత్రి అంతా వ్రాసినది తెల్లవారి పనిచేయకపోవడానికి మా అనుభవములో ఇది మొదటి కారణము.

ఇంతవరకు చెప్పినవి ఒక్కరు పనిచేసినా ఎదురయ్యేవి. ఇద్దరు ఒకేసారి పనిచేసినప్పుడు వచ్చే తేడా అన్నింటికంటె లోతైనది. దీనిని విద్యార్థులు కొంచెము ఓపికగా చదువవలెను. ఒక సెక్షన్‌లో 60 సీట్లు, 59 నిండినవి. రెండు కౌంటర్లలో ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణములో చెరియొక దరఖాస్తు తీసుకొన్నారు. ప్రోగ్రాము సెక్షన్‌లో ఎంతమంది ఉన్నారో లెక్కించి, 60కి తక్కువైతే కొత్త పేరు చేర్చుతుంది. ఈ పని మొత్తాన్ని ఒకే లావాదేవిగా కట్టి, దానికి ‘సీరియలైజబుల్’ అన్న అత్యున్నత రక్షణ కోరినాము. ఒకదాని తరువాత ఒకటి జరిగినట్లే ఫలితము ఉండవలెనని ఆ మాటకు అర్థము.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌లో చదివిన వరుసలకు, వాటి నడుమ ఖాళీలకు కూడ తాళము పడుతుంది. ఇద్దరును తాళాలు వేసుకొని ఒకరికొరకు ఒకరు ఆగిపోతారు. యంత్రము అది గ్రహించి ఒకరి లావాదేవిని రద్దుచేస్తుంది. సెక్షన్‌లో 60 మందియే ఉంటారు. ఒరాకిల్ పద్ధతి వేరు. చదివేవారు వ్రాసేవారికి అడ్డురారాదన్నది దాని సిద్ధాంతము. రోజంతా రద్దీగా ఉండే చోట ఇది గొప్ప సదుపాయము. ప్రతి లావాదేవికి తాను మొదలైన క్షణపు చిత్తరువు ఒకటి కనిపిస్తుంది. ఇద్దరు గుమాస్తాలకును 59 అనే కనిపిస్తుంది, ఇద్దరును పేర్లు చేర్చుతారు, ఎవరు ఎవరి వరుసను తాకలేదు గనుక ఎవరికిని అభ్యంతరము ఎదురుకాదు. సెక్షన్‌లో 61 మంది అవుతారు. అక్కడ కూడ కోరినది ‘సీరియలైజబుల్’ అన్న మాటయే! పోస్ట్‌గ్రెస్ కూడ పూర్వము ఇట్లే ఉండి, 2011 నుండి చిత్తరువు పద్ధతిని విడువకుండగనే ఇటువంటి చిక్కును కనిపెట్టి ఒకరిని నిరాకరిస్తున్నది. ఆ నిరాకరణను అందుకొని మరల ప్రయత్నించే ఏర్పాటు ప్రోగ్రాములో లేకపోతే, గుమాస్తా తెర మీద అర్థముకాని ఇంగ్లీషు వాక్యము కనిపిస్తుంది, దరఖాస్తుదారు వరుసలో నిలబడి ఉంటాడు.

దీనికి మేము ఎన్నుకొన్న ఉపాయము పాతది, సాదాది. ప్రతి సెక్షన్‌కు ఖాళీల సంఖ్య ఒక వరుసలో పెట్టినాము. ‘ఖాళీలు సున్నకంటె ఎక్కువైనచో ఒకటి తగ్గించుము’ అన్న ఒకే వాక్యము పంపి, ఎన్ని వరుసలు మారినవో అడుగుతాము. ఒకటి అన్నచో సీటు దొరికినది. సున్న అన్నచో లేదు. పేరు చేర్చడము ఆ తరువాత, అదే లావాదేవిలో. అందరు తాకేది ఒకే వరుస కావున తాళాల పద్ధతిలోను, చిత్తరువు పద్ధతిలోను రెండవవాడు ఆగి తీరవలెను. పైన పేర్కొన్న డేటాబేస్‌లన్నింటిలోను, మామూలు రక్షణ స్థాయిలోనే, ఈ వాక్యానికి అర్థము ఒక్కటే.

పాఠకులు ఒక సంగతి గమనించి ఉంటారు. మా దిద్దుబాట్లలో చాలావరకు కొత్త విద్య ఏమియు లేదు. మేము చెప్పక విడిచినదానిని వ్రాతలోకి తెచ్చినాము, అంతే. హాజరు కానివారు ఎక్కడ ఉండవలెను, గడి పొడుగు దేనితో కొలవవలెను, చివరి సీటుకు తీర్పు ఎవరిది – ఇవి మాకు మనసులో తెలుసు, వ్రాతలో లేవు. మొదటి డేటాబేస్ అలవాటు మా మనసులోని దానితో యాదృచ్ఛికముగా ఏకీభవించినంతకాలము ప్రోగ్రాము సరిగా ఉన్నదనుకొన్నాము. తేదీలు కూడ ఇట్లే: 03-04 అని మాటగా వ్రాసి పంపితే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా అన్నది ఆ యంత్రపు అమరిక నిర్ణయిస్తుంది. తేదీని మాటగా వాక్యములో అతికించక, తేదీ రకపు విలువగానే వేరుగా అందించవలెను. ఇట్లు విలువలను వేరుగా పంపే అలవాటు, వాక్యములో దొంగమాటలు చొప్పించి డేటాబేస్‌ను కొల్లగొట్టేవారినుండి కూడ కాపాడుతుంది.

1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఓ.డి.బి.సి., 1997లో జావాతో వచ్చిన జె.డి.బి.సి. వంటి వంతెనలు ఉన్నవి గదా అని విద్యార్థులు అడుగుతారు. అవి మంచివే; డేటాబేస్‌తో మాట కలిపే పద్ధతిని ఒకటి చేసినవి. కాని టపా సంచి ఒకటే అయినంత మాత్రాన లోపలి ఉత్తరాలు ఒకే భాషలో ఉండవు. వాక్యాలను తామే తయారుచేసే నేటి ఉపకరణాలు ‘టాప్’, ‘లిమిట్’ వంటి మాటల తేడాలు చక్కగా దాచుతాయి. 61వ విద్యార్థిని మాత్రము అవి ఆపవు.

కావున మేము చేస్తున్నదేమనగా, డేటాబేస్‌తో మాట్లాడే వాక్యాలన్నింటిని ప్రోగ్రాములో ఒకేచోట కూర్చినాము. మరొక చోట ఒక్క వాక్యము కనిపించినా విద్యార్థికి మార్కులు తగ్గుతాయి. అనివార్యముగా తేడా ఉండే వాక్యాలకు రెండు రూపాలు పక్కపక్కన ఉంచినాము. ప్రతి రాత్రి ప్రోగ్రాము మొత్తాన్ని రెండు డేటాబేస్‌ల మీద నడిపి ఫలితాలు పోల్చుతాము. ఈ చివరిది లేకపోతే మిగిలినవన్నీ సదుద్దేశాలే. పరీక్షకు వాడే కల్పిత విద్యార్థులలో ఇంటిపేరు లేనివారు, పరీక్ష వ్రాయనివారు, తెలుగులో చాల పొడవైన పేరున్నవారు తప్పక ఉంటారు. వాణిజ్య డేటాబేస్‌లలో కొన్నింటికి పరిమితులతో కూడిన ఉచిత ప్రతులు దొరుకుతాయి గనుక ఈ రెండవ డేటాబేస్‌కు కమిటీని పైసా అడుగలేదు.

డేటాబేస్‌లోపలనే భద్రపరచే ప్రొసీజర్ల విషయములో మా శాఖలోనే ఏకాభిప్రాయము లేదు. ఒరాకిల్‌కు పి.ఎల్.-ఎస్.క్యు.ఎల్., మైక్రోసాఫ్ట్, సైబేస్‌లకు ట్రాన్సాక్ట్-ఎస్.క్యు.ఎల్. – ఎవరి భాష వారిది. వీటిలో వ్రాసినది మరొక చోటికి పోదు, తిరిగి వ్రాయవలసినదే. అయితే ఒరాకిల్ నిపుణుడుగా పేరుపొందిన టామ్ కైట్ వంటివారు తద్విరుద్ధముగా వాదించినారు: ఇంత ఖరీదు పెట్టి కొన్న డేటాబేస్ శక్తులు వాడక, అన్నింటికి సామాన్యమైన అల్పాంశముతో సరిపెట్టుకొనడము డబ్బు దండుగ అని. ఆ వాదములో బలము లేకపోలేదు. ఒక బ్యాంకు తన డేటాబేస్‌ను ఇరవై ఏండ్లు మార్చకపోవచ్చును. అది ఆ డేటాబేస్ లోతులన్నీ వాడుకొనడమే న్యాయము. అయితే ఎవరు ఎప్పుడు మారవలసి వస్తుందో ముందుగా తెలియదు. సైబేస్‌ను 2010లో ఎస్.ఏ.పి. కొన్నది, మై-ఎస్.క్యు.ఎల్. అదే సంవత్సరము సన్ సంస్థతోపాటు ఒరాకిల్ చేతికి వచ్చినది. అమెజాన్ వంటి సంస్థ తన వినియోగదారుల వ్యాపారములోని సుమారు 7,500 ఒరాకిల్ డేటాబేస్‌లను, 75 పెటాబైట్ల సమాచారాన్ని తన సొంత వ్యవస్థలకు తరలించి ముగించినట్లు 2019లో ప్రకటించినది. దానికి అన్ని సంవత్సరాలు, అంతమంది ఇంజనీర్లు ఉన్నారు. మనకు ఉన్నది వేసవి సెలవులు.

కమిటీ పెద్దల ప్రశ్నకు మా సూటి జవాబు ఇది. ప్రవేశాలు, ఉపకార వేతనాల భాగాలను పోస్ట్‌గ్రెస్‌కు మార్చడము పూర్తి అయినది. ఆ మేరకు లైసెన్సు తగ్గించుకొనవచ్చును. లైసెన్సు రుసుము లేదన్నంత మాత్రాన ఖర్చే లేదనుకొనరాదు: రాత్రివేళ నకళ్లు తీసి, ఆ నకళ్లనుండి సమాచారము నిజముగా తిరిగి వస్తున్నదో లేదో నెలకొకసారి చూచే మనిషి ఒకరు కావలెను, ఆ మనిషికి జీతము కావలెను. అంతర్గత మార్కుల ప్రొసీజరు ఒకటి, 700 పంక్తులది, పాత డేటాబేస్ భాషలోనే ఉండిపోయినది. దానికొరకే పాత యంత్రము లాబొరేటరీ మూలలో నడుస్తున్నది. చివరి సంవత్సరపు విద్యార్థులు ఆ పంక్తులను అయిదు భాగాలు చేసి పంచుకొన్నారు. మొదటి రెండు భాగాలు రంజాన్ సెలవులకు ముందే మా చేతికి వచ్చినవి, రాత్రి పరీక్షలో నిలిచినవి. మూడవదానిలో పూర్ణాంకానికి సవరించే పద్ధతి రెండు చోట్ల రెండు విధాలుగా ఉన్నట్లు బయటపడినది. అర మార్కు తేడాతో ఎవరు తప్పుతారో, ఎవరు గట్టెక్కుతారో అన్న ఆ సంగతిని పరీక్షా విభాగము వారికి వ్రాతపూర్వకముగా నివేదించి, వారి నిర్ణయానికై చూస్తున్నాము.